వచ్చేదాక ముట్టనన్నడు

హలో… ఆఁ, నేనే సార్, గీతను… సంజీవ ఇంటామెను… వినవడుతుంది, చెప్పుండ్రి సుదర్శన్ సార్.

జనగామల్నే ఉన్నం. దవాఖానల… నిన్న పొద్దున తీసుకొచ్చినం… బస్సులేడియి సార్, సమ్మె గదా. పాలకుర్తి నుంచి బిక్షపతన్న ఆటోల పండవెట్టుకొని వచ్చినం.

ఉన్నడు… బతికే ఉన్నడు.

మంచానికి కట్టేసిన్రు సార్. రెండు చేతులు… ఆఁ, గుడ్డలతోని… కట్టకుంటె ఎట్ల, సెలైన్ పీకేసుకుంటుండు. కంపౌండరు చెయ్యి కొరికిండు.

లేదు, నేను ఏడుస్తలేను. ఏడుపు వస్తలేదు సార్. ఎందుకో మరి. అందరు నా దిక్కు చూస్తున్నరు, ఏడుస్తలేదేంది అని. ఒళ్లంత మొద్దువారింది నాకు.

ఏంది?… పేపరోళ్లు వస్తరా… దీక్షల సొమ్మసిల్లిండని రాస్తరా… వద్దు సార్. ఆయన ఉపాసముండి పడిపోలే. దీక్ష టెంటు కాడ పులిహోర పొట్లాలు రెండు తిన్నడు, నేనే చూసిన.

గుడుంబ తాగుడు ఇడిసి పడ్డడు.

అదే సార్… నాలుగు దినాల కింద మీ ముందట చేసిన ప్రమాణమే… చౌరస్తల, మైకు కాడ. దోసిట్ల మట్టి పట్టుకొని, తెలంగాణ వచ్చేదాక సుక్క ముట్టనన్నడు గదా. మీరు దండేస్తిరి. అందరు చప్పట్లు కొట్టిరి… నేను గూడ కొట్టిన.

అయ్యో, మిమ్ముల అంటలేను సార్… లేదు లేదు…

డాక్టరు సారు చెప్పిండు. గంత తాగేటోడు ఒక్కపారి బంద్ చెయ్యొద్దట. ఇరువై ఏండ్లాయె, పొద్దున లేస్తె మొకం కడిగే ముందే తాగుతడు. అసొంటోన్ని ముందుగాల్నే దవాఖానకు తోలుకొచ్చి, గోలీలు ఇచ్చుకుంట మెల్లమెల్లగ ఇడిపియ్యాలెనంట… మాకేం తెలుసు సార్. ఇడిసిపెడితె మంచిదే అనుకున్నం.

ఎట్లంటె… ఆయన చెప్పినట్టే చెప్తున్న. గుడుంబ మెదడును అణిచి పెడుతదట. రోజు అణుస్తుంటె మెదడు ఊకుంటదా, అది గూడ జోరు పెంచుకుంటదట, సరి చేసుకునేటందుకు. ఇప్పుడు అణిచేది ఒక్కపారి పోయె. జోరు మిగిలె. చేతులు వణుకుడు, ఫిట్స్, అన్ని అందుకేనంట.

ఆఁ, వచ్చినయ్. రెండు పార్లు… నాలిక కొరుక్కున్నడు.

గోడ మీద తేళ్లు పాకుతున్నయ్ అంటుండు. తేళ్లు లేవు… నన్ను చూసి, నువ్వెవలు అన్నడు. గీతను అన్న. గీత ఇంట్ల ఉన్నది అన్నడు.

మొదటి దినం మంచిగనే ఉన్నడు సార్. నేనైతె మస్తు మురిసిన. సీసాలన్ని తీస్కపోయి పెంటకుప్పల పారేసిన. రెండో దినం వణుకుడు వట్టింది. ఒక్క గిలాస పొయ్యే, చచ్చిపోతనే అన్నడు… నా కాళ్లు పట్టుకున్నడు సార్. నేను పొయ్యలే. ఊరంత చూసింది, ప్రమాణం తప్పుతవా అని… అర్రల తోలి గొళ్లెం పెట్టిన.

తలుపుకు ఈపు ఆనిచ్చి కూసున్న. లోపట కొట్టుకుంటుండు, మొత్తుకుంటుండు…

మంచి పనే చేస్తున్న అనుకున్న.

బిక్షపతన్ననా?… ఆయన గూడ సాయం చేస్తున్ననే అనుకున్నడు. కిటికిలకెళ్లి గంజాయి బీడి ఇచ్చిండు. గిది సార కాదు తియ్యి, నీ ప్రమాణం తప్పది, పానం నెమ్మదిస్తది అన్నడంట… ఆఁ, డాక్టరుకు చెప్పినం, దాస్తే ఎట్ల. తిట్టలే. కుర్చీ గుంజుకొని కూసొని చెప్పిండు… మన మెదడే గంజాయి అసొంటి సరుకు కొంత తయారు చేసుకుంటదట సార్. మీకు ఎరికేనా?… నాకూ ఇప్పుడే ఎరికైంది. బుగులైతె, పరేషానైతె, అదే లోపట ఊరి, మనసును నెమ్మది చేస్తదట. ఏండ్లకేండ్లు తాగినోళ్లకు మెదడుల అది పట్టుకునే జాగలు మొద్దువారుతయట. ఇగ నెమ్మది ఏడికెళ్లి రావాలె… ఆ బీడి తాగినంక బుగులు ఇంకింత ఎక్కువైంది. తేళ్లు గప్పటి సందే.

కోలుకుంటయట… ఆ జాగలు. మల్ల తాగకుంట ఉంటె. నెల పట్టొచ్చు, ఎక్కువ గూడ పట్టొచ్చు. ముందుగాల గీ రెండు మూడు దినాలు దాటాలె అన్నడు.

దాటాలంటె గోలీలు మింగాలె సార్. అవే మింగుతలేడు.

సూది ఒకటి ఇచ్చిన్రు, నలుగురు పట్టుకుంటె; సమ్మెకు సూదిమందు అయిపోయిందంట, ఉన్నయి గోలీలే. ఇగ దగ్గరికి రానిస్తలేడు… నడుమ నడుమ తెలివొస్తది. అప్పుడు గోలి నోట్లె పెడితె ఊంచుతుండు. డాక్టరు మంచికే చెప్పిండు పాపం, గుడుంబ ఏ జాగల పనిచేస్తదో గీ గోలి గూడ ఆ జాగల్నే పట్టి నెమ్మది చేస్తదని. ఈయన ఇన్నడు. అయితె గిది గూడ గుడుంబనే, నాతోని ప్రమాణం తప్పిస్తున్రు అంటుండు.

అందరిని మర్సిండు సార్. నన్ను మర్సిండు. ఆ ప్రమాణమొక్కటి మర్వలే.

చెప్పిన… డాక్టరు చెప్పిండు, నర్సమ్మ చెప్పింది. సుదర్శన్ సారు చెప్పాలె అంటుండు. మీ చేతుల మీద చేసిండు గదా… ఇంకోపారి ఫిట్స్ వస్తె దక్కుడు కష్టం అన్నరు సార్.

అట్ల చెప్తె ఇనడు… గోలి వేరు, గుడుంబ వేరు అంటె ఇనే తెలివి లేదు ఆయనకు. ఆయన అన్నది ఏంది? తెలంగాణ వచ్చేదాక. గంతే గదా.

వచ్చిందని చెప్పుండ్రి.

ఆఁ, వచ్చిందనే సార్.

…ఎరికే. రాలేదని నాకూ ఎరికే.

అబద్ధమే… అవ్ సార్… మీ నోట రాదా ఆ మాట?… ఎందుకు ఎరుక లేదు. బడి ఇడిసిపెట్టి నెల సంది టెంటుల కూసున్నరు. తెలంగాణ కోసం పానాలు తీసుకున్న పిల్లల పాడెలు మోసిన్రు. అసొంటి మాట ఊకెనే అనొద్దు, నిజమే… కాని మీ మాట మీదనే ఆయన ఇడిసిండు. మీ మాట మీదనే బతకాలె.

ఏడ్వకుండ్రి సార్… మీరు ఏడిస్తె ఆయనకు అనుమానమొస్తది.

చెవు కాడ పెడుతున్న. జర గట్టిగ చెప్పుండ్రి.

ఇగో, సారు… సుదర్శన్ సారు. ఇను… తల అటు తిప్పకు, ఇను…

…

ఇన్నవా?… ఆఁ, వచ్చిందట… నిజమే… సారు అబద్ధమాడుతడా?… అవ్, వచ్చింది. మనకు వచ్చింది.

సార్… ఇన్నడు. నవ్విండు. నాలిక తెగింది గదా, నెత్తురు పండ్లతోనే నవ్విండు. జై అనవోయిండు, నోరు తిరుగుతలేదు.

ఒక్క నిమిషం సార్, ఏదో అంటుండు… ఏంది?… ఏం కావాలె?…

సార్, అయితె ఇగ పొయ్యి అంటుండు.

గుడుంబ… వచ్చింది గదా, ఇగ పొయ్యి అంటుండు.

…ఆఁ. వచ్చేదాకనే అన్నడు గదా.

ఉండుండ్రి, పెట్టకుండ్రి… నర్సమ్మా, గా గోలి నూరి నీళ్లల్ల కలిపియ్యవా… స్టీలు గిలాసల పొయ్యి… ఇగో. పోసిన. తాగు… మెల్లగ, మెల్లగ… మొత్తం తాగు.

తాగిండు సార్… ఒక్క సుక్క ఊంచలే. మూతి తుడుసుకుందామని చెయ్యి లేపవోయిండు, కట్టేసి ఉన్నది గదా. నేనే తుడిసిన.

నర్సమ్మ నాడి చూస్తున్నది… జరసేపట్ల నెమ్మదిస్తదంట. ఆరు గంటలకోపారి గిట్లనే పొయ్యాలెనంట… పోస్త సార్. ఇరువై ఏండ్లల నా చేత్తోని పొయ్యలే. ఇప్పుడు పోస్త.

లేదు, ఇంకో మాట ఉన్నది. బతికి, మంచిగ తెలివొచ్చినంక… ఇంటికి రాంగనే గుడుంబ కాడికే పోతడు. అడ్డం పోతె, తెలంగాణ వచ్చింది గదనే అంటడు. రాలేదని నేను చెప్తె నమ్మడు సార్. మీరే వచ్చి చెప్పుండ్రి. అబద్ధమాడినని మీరే చెప్పుండ్రి… వస్తరా?… గట్ల అనుండ్రి.

సార్… ఒకటి అడుగుత, తప్పనుకోకుండ్రి. నిజంగ ఎప్పుడొస్తది?

ఊఁ… ఊఁ… దగ్గర పడ్డదా… గీ ఏడే వస్తదా…

లేదు సార్, సంబురమే. నేను రోడ్డు మీద బతుకమ్మ ఆడిన, బైఠాయింపుల కూసున్న, నాకు సంబురం లేకుంట ఎట్లుంటది…

జర ఆలస్యంగ వస్తె బాగుండు సార్.