పుట్టగొడుగులు ముందెవరికి చూపిస్తారు

2003, ముసురు రోజులు. నర్సీపట్నంలో సువర్ణమ్మ వంటగది. విశాఖలో లైబ్రరీ సైన్సు చదువుతున్న మేనకోడలు కృపాజ్యోతి ఆమె పక్కన పీట మీద కూర్చుని ఉంది.

“మళ్ళీ అదే అడుగుతావేటే? వంటల మీద కూడా సదువుంటాదా?”

“వంటల మీద కాదత్తా. వండేవాళ్ళకి ఏదన్నా తెలీకపోతే ఎవర్ని అడుగుతారు, ఆ మాట ఎక్కణ్ణించి ఎక్కడికి పోతాది, అదీ నా చదువు. పుట్టగొడుగుల గురించి అడిగితే మన వీధంతా ఒకటే పేరు చెప్పింది.”

“ఎవరి పేరు?”

“దేవుడమ్మ పిన్ని. ఏరుకొచ్చినవి ముందు ఆవిడకి చూపించి గానీ పొయ్యెక్కించరంట. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదంట.”

“ఆ ఉల్లిపాయలు ఇలాగందుకో.”

“మరి నిరుడు తాతబ్బాయి బాబాయి పోయినప్పుడు, పాపం తెలీక మొగుడికి విషపు పుట్టగొడుగులు వండి పెట్టింది అన్నారంతా. పోలీసులకీ అదే చెప్పారు. నువ్వూ అదే చెప్పావు.”

“తెలీకే.”

“అందరికీ చెప్పే మనిషికి తెలీకపోడవేటత్తా? ఆ పూట తను ముద్దైనా ముట్టలేదంట.”

“దవడ వాసిపోయి నోరు తెరవలేకపోయింది. ఏటి తింటాది? ఆడు కొట్టిన దెబ్బలు నువ్వు సూసావా? ఒగ్గెయ్ జ్యోతీ. బెండకాయల మీద రాసుకో.”

“పేర్లు రాయనులే. సార్ వద్దన్నారు.”

“నోటితో ఎవరికైనా సెప్పావా?”

“ఎవరికీ... పొద్దున నాతవరం ఆటోలో మత్స్యలింగం గారు కలిసారు.”

“తాతబ్బాయి తమ్ముడా?”

“ఆయనే. ఏటి చదువుతున్నావమ్మా అని మంచిగానే అడిగారు. నేను పిన్నిని మెచ్చుకుంటూనే చెప్పానత్తా. మీ వదినగారికి తెలీని పుట్టగొడుగు లేదంట కదండీ అన్నాను. అనేసాక తట్టింది, నేనేటి అన్నానో.”

“ఆడేటన్నాడు?”

“దిగేముందు ఇంకో మాట అడిగారు.”

“ఏటే అది? బేగి సెప్పు.”

“మా వదినకి ఇవన్నీ ఎవరు నేర్పారమ్మా అని.”

“నీకు తెలీదు కదా. తెలీదనే ఉంటావు.”

“నిన్ననే పిన్నిని అడిగానత్తా. మా సువర్ణొదినే నేర్పింది అన్నాది. ఆయనకీ అదే చెప్పాను.”