పొట్లంలో వెలిగారం

కమలాపురంలో, రామసుబ్బయ్య మూలికల అంగడి వెనక వసారా. అతని తలలో గడ్డ ఉందనీ, దాన్ని కోయడానికి వీల్లేదనీ మద్రాసు డాక్టర్లు చెప్పి పంపేశారు. అప్పట్నుంచీ అతని భార్య నాగేంద్రమ్మ నోటికి తీరిక లేదు.

"మళ్ళీ ఆ పొట్లమేనా? కంసాలోళ్ళు నగలు అతికేదానికి కొనుక్కోనిపోయే వెలిగారం, మీరు పొద్దున్నే నీళ్ళలో కలుపుకొని తాగుతాండారు. తలకాయేమన్నా తెగిపోయిన గొలుసా?"

"నీకు తెల్దు, ఊరుకోయే. పేపర్లో వేసినారు. అమెరికాలో తలలో గడ్డకు వెలిగారమే ఎక్కిస్తాండారంట. అది గడ్డలో చేరి కాచుకోనుంటాది. బయట్నుంచి న్యూట్రాన్లని, కంటికి కనపడని రవ్వలు వదుల్తారు. వెలిగారం వాటిని పట్టుకొని, ఉన్నచోటే పేలి, గడ్డను కాలుస్తాది."

"వెలిగారం ఒక్కటేనా పట్టేది?"

"లిథియం ఉందంట, యురేనియం ఉందంట. ఏది బాగా పడుతుందో పోల్చి చూసినారు."

"యురేనియం మన అంగట్లో ఉందా?"

"లేదు."

"లిథియం?"

"అదీ లేదు."

"అట్లయితే వెలిగారమే గెలిచిందిలెండి."

"ఎగతాళి వద్దు. దాంట్లోనూ లోపముందంట. గడ్డలో నిలవకుండా నెత్తుట్లోనే తిరుగుతాదంట."

"అంగట్లో నిలవకుండా ఊరంతా తిరిగే మీ మాదిరే. సరే, ఆ రవ్వలు వదిలేదెవురు?"

"దానికి రియాక్టరని, అణుకొలిమి కావల్ల."

"యాడుండాది?"

"అమెరికాలో."

"శానా బాగుండాది. వల ఈడ, చేపలు ఆడ!"

"ఎండలో కూర్చుంటే ఆ రవ్వలు కొంచెమన్నా..."

"మన ఎండకే రోగాలు కాలిపోయేటట్లుంటే కడప జిల్లాలో ఒక్కరూ చచ్చేవాళ్ళు కాదు."

"నువ్వేమన్నా అనుకో. రేపట్నుంచి ఇంకో చెంచా ఎక్కువ తాగుతా. అంగట్లో వెలిగారం కొత్త మూట విప్పుతాండా."

"వద్దు! ఆ మూట ముట్టుకోవద్దు."

"ఎందుకే?"

"విషం స్వామీ అది! బొద్దింకలకు పెట్టేది... వినండి. ఈ పొట్లంలో ఉండేది వెలిగారం కాదు. నేనే మార్చినా. పటికబెల్లం నూరి పోసినా. తిట్టుకోండి, ఏమన్నా చేసుకోండి."

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"నాలిక మీద వేసుకోనిదే సరుకు కొననోణ్ణి. వెలిగారమేదో, పటికబెల్లమేదో నాకు తెలీదా? మార్చిన పూటే తెలిసింది."

"మరెందుకు తాగినారు? లిథియమనీ, యురేనియమనీ పొద్దున లేస్తే ఈ వాగుడెందుకు?"

"నన్ను తిట్టే పూట నువ్వు ఏడ్చవు గదే."