పదకొండు రోజుల ముందు పుట్టిన అధ్యక్షురాలు

అది కాదమ్మా, చట్టం మార్చమని నేనన్నానా? తేదీ దిద్దమని అన్నానా? ఫైలు ఇవాళ దొరకలేదని ఒక్క మాట చెప్పమంటున్నాను. ఆఫీసన్నాక ఫైలు దొరక్కపోవడం ఏమన్నా వింతా! ఏ ఖర్మో గానీ, నా ఫైలే ఇంత పద్ధతిగా, దారం కూడా ఊడకుండా మీ బల్ల మీదికి రావాలా?

నవ్వండి, పర్లేదు. మా ఇంట్లోనూ నన్ను చూసి నవ్వడానికే సగం పొద్దు సరిపోతుంది.

దలేల్‌ఖాన్ అంటే నేనే. పేరు చివర ఖాన్ ఉందని మోసపోకండి, మా వైపు గొర్రెలు కాసేవాడు కూడా ఖానే. పన్నెండేళ్ళ కింద మంగోలియా నుంచి వచ్చాం. నేను, మా ఆవిడ, మా అబ్బాయి ఎర్కిన్, కోడలు. కజక్కులం కదా, తాతల నాటి ఈ కజక్కు నేలకి తిరిగొచ్చాం అనుకుంటూ వచ్చాం. బస్సు దిగి మొదటి దుకాణంలో, అక్కడ ఉప్పు టీ తాగిన అలవాటు కొద్దీ, ఉప్పు తక్కువైందన్నాను టీలో. "మంగోలు ముసలాయన వచ్చాడ్రోయ్!" అని కేకేశాడు లోపలికి. అరవై ఏళ్ళు అక్కడ నన్ను కజక్కువాడా అని పిలిచారు. ఇక్కడ అడుగుపెట్టిన గంటకే మంగోలువాణ్ణయ్యాను. రెంటికీ చెడ్డ రేవడినని అప్పుడే తెలియాల్సింది.

ఆఁ, విషయానికే వస్తున్నా. ఆ తలుపు సందులోంచి చూడండి. బెంచీ మీద, తెల్ల రిబ్బన్లు. అది నా మనవరాలు ఇంకర్. పదకొండేళ్ళు. మా పౌరసత్వం ఫైలు చూస్తానని మీకు ఉత్తరం రాసింది అదే, సంతకం మాత్రం వాళ్ళ నాన్నది. "ముందు నేను లోపలికెళ్ళి నీ సంగతి చెప్పొస్తా" అని దాన్ని అక్కడ కూర్చోబెట్టి వచ్చాను. ఎంత పెద్దమనిషినో చూడండి!

బళ్ళో మర్జాన్ టీచరు వ్యాసం రాయమంది. పెద్దయ్యాక ఏమవుతారు అని. ఇది దేశాధ్యక్షురాలినవుతానని రాసింది. రాసి ఊరుకోక లేచి చదివింది. ఆ టీచరమ్మ మంచిదే, అబద్ధం చెప్పడం చేతకాదు. "బాగుంది గానీ ఇంకర్, ఆ పదవికి పుట్టుకతోనే ఈ దేశ పౌరురాలై ఉండాలి. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మానాన్నా ఇంకా మంగోలియా పౌరులే కదమ్మా" అందిట.

ఇంటికొచ్చి ఏడిస్తే బాగుండేది. నూనెలో వేగిన వేడి బౌర్సాకు రొట్టె ఒకటి చేతిలో పెట్టి ఊరుకోబెట్టేవాణ్ణి. ఏడవలేదమ్మా! రాజ్యాంగం తెచ్చుకుని కూర్చుంది. నలభై ఏళ్ళు నిండాలా? నిండుతాయి. దేశంలో పదిహేనేళ్ళు ఉండాలా? ఎక్కడికి పోతుంది? కజక్ భాష ధారాళంగా రావాలా? ఆ భాషలో దానితో వాదించి గెలిచినవాడు మా వీధిలో లేడు. అన్నిటికీ పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చి, పుట్టుక దగ్గర ఆగిపోయింది.

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట అని మీకనిపిస్తుంది. నాకూ అనిపించింది. దాని తరగతిలో నలభై మందిలో ఒక్కరు కూడా అవరు, తెలుసు. అయితే మిగతా ముప్పై తొమ్మిది మంది వాళ్ళంతట వాళ్ళు కాకుండా పోతారు. దీన్ని మాత్రం ఒకడు కాకుండా చేశాడు.

అది కాగితాలన్నీ ముందేసుకుని లెక్క తేల్చింది. మాకు పౌరసత్వం వచ్చింది జూలై ఇరవైన. అది పుట్టింది తొమ్మిదిన. "తాతా, పదకొండు రోజులు! ఆఫీసువాళ్ళు నిద్రపోయారు తాతా! పదకొండు రోజులు ముందు లేచి ఉంటే నేను పుట్టుకతోనే పౌరురాల్ని. వాళ్ళ మీద కేసు వేస్తాను" అంది.

నేనేమన్నానో తెలుసా? "అవునమ్మా, ఆ ఆఫీసువాళ్ళంతే!" అన్నాను. గడ్డం కూడా నిమురుకున్నాను. మన్నించండి తల్లీ. మీరప్పుడు ఈ ఉద్యోగంలో లేనే లేరు, అయినా మీ మీద పడేశాను.

ఏమిటి? చూశారా అప్పుడే? అవును, ఆ తేదీయే. నోటరీ ముద్రలన్నీ మార్చి రెండున. దరఖాస్తు మీ ఆఫీసులో ఇచ్చింది ఏప్రిల్ పదమూడున. మధ్యలో ఆరు వారాలు ఆ కాగితాలు ఎక్కడున్నాయీ అంటారు. అందుకేనమ్మా ఫైలు దొరకలేదని చెప్పమన్నది! మా పిల్ల మొదట చూసేది ఆ ఆరు వారాలే. కన్ను అలాంటిది దానికి.

మా అబ్బాయికి చెప్పిన కథ మీకూ చెప్తాను, బాగా అల్లాను. మంచి పని బుధవారమే మొదలెట్టాలని మన పెద్దలమాట కదా? నేనే ఇస్తా, బుధవారం ఇస్తా అన్నాను. మొదటి బుధవారం ఒక పెళ్ళివిందులో పెద్దవాణ్ణని మర్యాదగా గొర్రె తలకాయ నా ముందు పెట్టారు. తలకాయ ముందు పెట్టాక మధ్యలో లేచిపోయే పెద్దవాడుంటాడా? తర్వాతి వారం నడుం నొప్పి. ఆ తర్వాత నౌరిజ్ పండగ, మీరే తలుపులు మూసుకున్నారు, అది మాత్రం నిజం. ఇంకో వారం పక్కింటాయన గుర్రం ఈనింది. గుర్రం ఈనితే నేనెందుకు? అడక్కండి. మా ఎర్కిన్ కూడా అడగలేదు. నేను చెప్తే వాడికి అంత నమ్మకం.

కోడలేమో రోజురోజుకీ బరువెక్కుతోంది. కళ్ళ ముందు తిరుగుతోంది.

ఇంకా సిగ్గుమాలిన సంగతి చెప్పనా? బిడ్డకి నలభయ్యో రోజు స్నానం. ఊరందరి పిల్లలకీ దీవెనలిచ్చేవాణ్ణి, సొంత మనవరాలికి ఇవ్వనా? రెండు అరచేతులూ పైకెత్తి, ఊరంతా వినేట్టు, "దేశాన్ని ఏలు తల్లీ!" అన్నాను. అందరూ ఆమీన్ అన్నారు. నోటితో ఏలమన్నాను. అప్పటికే ఈ చేత్తో తలుపేసేశాను.

లేదమ్మా, బుధవారం కాదు. బుధవారం పాపం ఏం చేసింది?

పెట్టె అడుగున దాచాను కాగితాలు. నా నక్కతోలు టోపీ కింద.

ఎందుకా? ఇక్కడి పౌరులం కావాలంటే అక్కడి పాస్‌పోర్టు ఇచ్చేయాలి కదా. అది ఇచ్చేస్తే ఇక వెనక్కి లేదు. రోజూ దుకాణంలో ఆ కేక విని ఇంటికొచ్చేవాణ్ణి. పెట్టె తెరిచి ఆ పాస్‌పోర్టు చూసుకునేవాణ్ణి. ఉందిలే, రేపే పోవచ్చులే అనుకుంటే రాత్రికి నిద్రపట్టేది. భయమమ్మా. అరవై ఏళ్ళవాడికి, ఇంటి పెద్దకి, భయం. మా అబ్బాయికి ఎలా చెప్పను? తాతల నేలకి పోదాం పదండి అని గుడారం పీకించి అందర్నీ లాక్కొచ్చినవాణ్ణే నేను!

ఒక పొద్దున మా ఆవిడ టోపీ ఎండకేద్దామని పెట్టె తీసింది. కాగితాలు చూసింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇవాళ కూడా బుధవారమే. వెళ్ళు" అంది. వెళ్ళాను. ఈ పదకొండేళ్ళూ ఆవిడ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. తిడితే తీరిపోయేది.

ఎవరికీ చెప్పనివి మీకెందుకు చెప్తున్నానో! మీరు ముఖం ఎర్రగా పెట్టుకుని కసిరి ఉంటే ఈపాటికి లేచిపోయేవాణ్ణి.

ఏమిటమ్మా? ఫైలు పోయిందని చెప్తారా? నిజంగా?

ఉండండి, తలుపు సందులోంచి దాన్ని ఒక్కసారి చూసొస్తాను.

అలా చెప్తే అది నమ్ముతుంది. నమ్మి మీ మీద కేసు వేస్తుంది. ఇంకో ఇరవై ఏళ్ళు, ఈ ఆఫీసులో ఎవడూ చెయ్యని తప్పుకి ఎవరెవరితోనో పోట్లాడుతూ తిరుగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా "మా తాత చెప్పాడు" అంటుంది. అదమ్మా నేను తట్టుకోలేనిది. అధ్యక్షురాలు కాకపోతే పీడాపోయె. నా మాట మీద అంత నమ్మకం పెట్టుకుని తిరగడం చూడలేను.

వద్దులెండి. ఫైలు తెరిచే ఉంచండి. పిలవండి దాన్ని.

మీరేం చెప్పకండి, నేనే చెప్తాను. ఆ ఏప్రిల్ తేదీ మీద మాత్రం మీరు వేలు పెట్టి చూపించండి.