కత్తి పెట్టని గుమ్మడికాయ

సుంకమ్మ అని ఒకామె, మద్దిలేటి పెండ్లాము. వంక అవతల గొర్రెలోళ్ల కొట్టాలు, మొత్తం పదకొండు ఇండ్లు. ఆమె ఏం చేసిందంటే, తొలకరికి ముందే గొర్రెల పెంటదిబ్బ మీద నాలుగు గుమ్మడి విత్తనాలు పొడిచింది. మూడు మొలకల్ని మేక మేసిపోయింది, ఒకటి మిగిలింది. గొర్రెపెంట బలం ఎట్లాంటిదో మీకు తెలుసు గదా, ఆ తీగ దిబ్బ దిగి, కంప దాటి, బండల మీద పడి పాకిపోయిందంట. పిందెలు చానా పడినాయి. సుంకమ్మ అన్నీ గిల్లి పప్పులో ఏసుకుని ఒక్కటే ఉంచింది. వాళ్లత్త గిడ్డమ్మ, ఎందుకే అన్నీ గిల్లేస్తివి అంటే, "ఒక్క బిడ్డకే పాలిస్తే బిడ్డ బలంగా ఉంటాది గదత్తా" అనిందంట. అదే అయ్యింది. చెంబంతది కడవంతయింది, కడవంతది కాగంతయింది, ఆకరికి ఇద్దరు పిల్లోళ్లు ఎక్కి కూసున్నా కదలకుండా ఉండిందనుకో. అబద్ధం అనుకుంటే అనుకోండి. నేను చూడలా, మా అవ్వ చూసిందంట. మా అవ్వ అబద్ధాలు ఆడేది గానీ తిండి విషయంలో ఆడేది కాదు.

ఇంక ఏమైందంటే, మేత కోసం మొగోళ్లందరూ గొర్రెల్ని తోలుకుని అడివి అంచుకు పోయినారు, మద్దిలేటి గూడా పోయినాడు. మిగిలిన మొగోడు ఒక్కడే, కొండన్న. కాల్లో ముల్లు ఇరిగి చీము పట్టి కూలబడిపోయినాడు. ఇంట్లో కూసున్నోనికి నోరు ఊరుతాది గదా. కట్టె పట్టుకుని కుంటుకుంటా వచ్చి, "సుంకమ్మా, ఆ కాయ కోసి ఒక చెక్క ఇయ్యి, పులుసు పెట్టుకుంటాం" అన్నాడంట. సుంకమ్మ ఆయప్పను దిబ్బ కాడికి పిల్సకపోయి కాయ మీద గోరు గుచ్చి చూపిచ్చింది. గోరు దిగింది. "చూడు మామా, తోలు ఇంకా లేతగుండాది. తొడిమ పచ్చగుండాది. ఇప్పుడు కోస్తే పది దినాలు గూడా నిలవదు. తీగ ఎండనీ" అనింది. కొండన్నకు అది మర్యాదగా అనిపియ్యలేదు. ముఖం తిప్పుకుని పోయినాడు. సరే, పోతే పోయినాడు అనుకుంది సుంకమ్మ. అట్ల అనుకోకుండా ఉండాల్సిందేమో, మళ్లా చెప్తా.

తీగంతా ఎండింది, ఆకులు మాడిపాయ, తొడిమ కట్టెలాగ అయిపాయ. గోరు గుచ్చితే గోరే వంగిపోతాంది. వేలితో కొడితే ఖంగుమంటాంది. అప్పుడు కోసింది. తొడిమ జానెడు ఉంచి కోసింది, చూసుకోండి, తొడిమ ఊడిందంటే ఆ బొక్కలోనించే కుళ్లు పడతాది. తొడిమ పట్టి ఎత్తగూడదు గూడా. గొంగడి పరిచి, కాయను దొర్లిచ్చి, నలుగురు ఆడోళ్లు నాలుగు చెంగులు పట్టుకుని మోసుకొచ్చినారంట. పది దినాలు ఎండలో పెట్టింది, పొద్దు గూకితే మంచు పడకుండా గొంగడి కప్పేది. నీళ్లతో కడగలా, పొడిగుడ్డతో తుడిచి కోసినచోట బూడిద అద్దింది. ఆనక మోకులు కట్టి అందరూ లాగి అటక మీదికి ఎక్కిచ్చినారు. కింద వరిగడ్డి చుట్ట వేసి దాని మీద కూసోబెట్టినారు, కాయకు నేల తగలగూడదు, గోడ తగలగూడదు. కింద పొయ్యి పొగ పోతాంటే పురుగు చేరదు. అంతా అయినంక గిడ్డమ్మ అనిందంట, "మే సుంకీ, అది నిండుకాయ. ఆడది తొలికత్తి పెట్టగూడదు. నా కొడుకు వచ్చి ఒక పోటు పొడిస్తే ఆనక నువ్వు ఎన్ని ముక్కలైనా చేసుకో. అందాక దాని జోలికి పోవద్దు." సరే అత్తా అనింది.

తరువాత వాన పట్టుకుంది. మామూలు వానా అది, తొమ్మిది దినాలు ఇడవలేదంట. వంక పొంగి అటోళ్లు అటే, ఇటోళ్లు ఇటే. సంతకు పోను తోవలేదు. జొన్నలు అయిపాయ, కొర్రలు అయిపాయ, పాతరలోకి నీళ్లు దిగి ఉన్న గింజలు మురిగిపాయ. పిల్లోళ్లు చింతాకు నములుతా తిరుగుతాండారు. ఒక్కొక్క ఇంటి ఆడది వచ్చి సుంకమ్మ వాకిట్లో నిలబడి, ఏమీ అడక్కుండా అటక దిక్కు చూసి పోతాందంట. ఆ చూపు తట్టుకోను కాలేదు సుంకమ్మకు. కత్తి తీసుకుని నిచ్చెన కాడికి పోయింది. గిడ్డమ్మ నిచ్చెనకు వీపు ఆనిచ్చి కూసునింది. "నా కొడుకు అడివిలో, వానలో ఉండాడు. వానికేమన్నా అయితే నువ్వు కత్తి పెట్టినందుకే అయ్యిందని నేను చచ్చేదాకా అనుకుంటా. నువ్వు గూడా అనుకుంటావు" అనింది. సుంకమ్మ చేతిలో కత్తి అట్లనే ఆగిపోయింది. అత్త మీద కోపం రాలేదంట, అది చెప్పుకోవాల్సిన మాట. ఆమెకు గూడా అదే భయం.

పోటు పొడిచేది ఏ మొగోడైనా సరే గదా అని, అప్పుడు పోయింది కొండన్న కాడికి. "మామా, ఒక్క పోటు పొడిచి పో. మేము నలుగురం నిన్ను మోసకపోతాం" అనింది. కొండన్న మంచం మీద ఉండి, "ఆ పొద్దు నా నోటికి చెక్క దక్కలేదు, ఈ పొద్దు నా చెయ్యి గావాల్సి వచ్చిందా? సగం కాయ నాకిస్తే వస్తా" అన్నాడంట. ఆ ఇంట్లో మొగుడూ పెండ్లాం ఇద్దరే. మిగిలిన సగంలో పది ఇండ్లు. సుంకమ్మ వానలో తడుస్తా ఇంటికొచ్చి అత్తకు చెప్పింది.

తెల్లారి సుంకమ్మ పొయ్యి కాడ కూసుని తడికట్టెలు ఊదుతాంది, వండేదానికి ఏమీ లేకపోయినా నీళ్లన్నా కాగబెడదామని. పైనించి మన్ను రాలింది. తలెత్తి చూస్తే నిచ్చెన పైమెట్టు మీద అత్త కాళ్లు. డెబ్బై ఏండ్ల ముసిల్ది!

"అత్తా, ఎందుకు ఎక్కినావు?"

"కాయ అడుగున మెత్తబడిందేమో చూద్దామని."

"నేను చూస్తా గదా, దిగు."

"నువ్వు పొయ్యి కాడనించి పక్కకు రా మే."

"ఎందుకత్తా?"

"పక్కకు రమ్మంటే రా!"

సుంకమ్మ గోడకు అతుక్కుని నిలబడింది. ముందు గడ్డిచుట్ట పడింది. దాని ఎనకాల కాయ పడింది. ఇల్లు అదిరిపాయ, పదకొండు ఇండ్లకూ వినబడిందంట ఆ సప్పుడు. కాయ పగిలి ముక్కలు ముక్కలైంది. లోపల పసుపుపచ్చగా, కుంకుంపువ్వు మాదిరి, గట్టి కండ. ఒక్క చోట గూడా కుళ్లలేదు. గిడ్డమ్మ మెల్లగా దిగొచ్చి, ముక్కల దిక్కు చూసి, "జారిపోయింది" అనిందంట. "అవునత్తా, జారిపోయింది" అనింది సుంకమ్మ. పదకొండు ఇండ్లకూ గంపల్లో పంచినారు. కొండన్నకు పంపేటప్పుడు సుంకమ్మ చెయ్యి కొంచెం ఎనకాడిందంట, గిడ్డమ్మే పెద్ద ముక్క ఏరి ఇచ్చింది. ఉడకబెట్టుకుని, ఉప్పేసుకుని, నాలుగు దినాలు తిన్నారు. ఐదోదినం వంకలో నీళ్లు తీసి తోవ పడింది.

వాన మొదలైన పంతొమ్మిది దినాలకు మద్దిలేటి వచ్చినాడు, గొర్రెలు నాలుగు పోయినాయి గానీ మనిషి బాగుండాడు. అటక దిక్కు చూసినాడు. కాయ ఏదంటే పడిందన్నారు. "గడ్డిచుట్ట మీద కూసున్న కాయ ఎట్ల పడుతుందమ్మా?" అన్నాడు. గిడ్డమ్మ, "నువ్వు ఇంట్లో ఉండుంటే పడేది కాదులేరా" అనిందంట. వాడు తల గోక్కుని, "ఏమన్నా మిగిలిందా?" అన్నాడు. గింజలు ఉండాయి, కాళ్లు కడుక్కుని రా, వేయించి పెడతా అనింది సుంకమ్మ.

శాస్త్రం తప్పిందో నిలబడిందో నన్ను అడగొద్దు, మీలో పెద్దోళ్లు ఉండారు, మీరే తేల్చుకోండి. నాకైతే ఆకలైతాంది, పోతా.