వానాకాలంలో కొండ మీద బడి

"అవ్వా, పెద్దపంజాణి తావ పల్లెలో నాకు టీచరు ఉద్యోగమొచ్చె గదా. ఆడ వానాకాలమొస్తే పిలకాయలు బడికి రారంట. మీ కొండ మీద గూడ అంతేనంట గదా. అప్పుడు మీరేం సేసినారు?"

కూర్సో మే, నిలబడి అడిగేదా ఇదంతా? ఆ సాప ఇట్లా లాక్కో. ఆఁ... కొండంటే యాడ కొండ, మన హార్స్లీ కొండే. మదనపల్లిలో బస్సెక్కితే మలుపులు తిరిగి తిరిగి కడుపులో తిప్పి, పైకి పొయ్యేసరికి సల్లగాలి మొగాన కొడతాది సూడు, ఆ కొండ. మీ తాత ఆడ గెస్ట్ హౌసులో వాచ్‌మనుగా ఉండె. మునెప్పా అంటే మద్రాసోళ్ళకు గూడ తెలుసు. నేను దుప్పట్లు ఉతికేది, రూములు ఊడ్సేది, సీజన్లో వంటోళ్ళకు సాయం పొయ్యేది. డెబ్బైల్లో మాటమ్మా ఇది. మీయమ్మ సరోజ అప్పుడు రెండో తరగతి. కాదు, మూడు. పాలపండ్లు ఊడతా ఉండె... ఏదో ఒగటిలే.

మాకు కొండ మీద రెండే కాలాలు. ఒగటి సీజను, ఇంగోటి సీజను గానిది. ఎండాకాలమొస్తే కిందోళ్ళంతా పైకొస్తారు. మద్రాసోళ్ళు, బెంగుళూరోళ్ళు. మద్రాసామెలు మిట్టమధ్యాన్నం గూడ స్వెట్టరేసుకొని, సెవులకు గుడ్డ కట్టుకొని తిరుగుతాంటే మాకు నగువు. కొత్తగా పెండ్లైనోళ్ళు నీలగిరి సెట్ల కింద నిలబడి ఫోటోలు తీపిచ్చుకుంటా ఉంటే, ఎనకాల నుంచి కోతొచ్చి సేతిలో బన్ను ఎత్తుకొని పొయ్యేది. ఆ ఫోటోల్లో ఎన్నిట్లో కోతి ఉండాదో! టీ అంగళ్ళు, బొమ్మల బుట్టలు, ఉడకేసిన చెనక్కాయలు, అంతా తిరనాళ్ళ మాదిరి. అప్పుట్లో టీ ఎంతనుకుంటివి... పోనీలే, నువ్వు నమ్మవు.

వాన మొదులైతే అయిపాయె. మంచు పట్టేస్తాది. ఎదురిల్లు గూడ కనపడదు. వచ్చేవాడు లేడు, పని లేదు. టీ అంగడోళ్ళు, రోడ్డు కూలోళ్ళు, బుట్టలమ్మేటోళ్ళు అందురూ మూటలు గట్టుకొని చెనక్కాయ సేన్ల పనికి కిందికి దిగేస్తారు. కొందురు పుంగనూరు పక్కకు, కొందురు కుప్పం పక్కకు. వాళ్ళతో పాటే పిలకాయలు. మా బడి ఒగ రేకుల షెడ్డు, ఒగే అయివారు. కరీం అయివారని, మదనపల్లి నుంచి పొద్దున బస్సుకొచ్చి సాయంత్రం బస్సుకు పోతా ఉండె. సీజన్లో షెడ్డు నిండా పిలకాయలే. వానాకాలంలో మీయమ్మ, ఇంగా ముగ్గురో నలుగురో. ఆయప్ప వాళ్ళకే గట్టిగా పాఠం సెప్పేది, షెడ్డు నిండినట్ల.

ఉగాది వస్తే మా కొండోళ్ళంతా టీ అంగడి ముందర కూర్సుండేది. కింది పల్లె నుంచి పంచాంగమయ్య పైకొచ్చి సదివేవాడు. ఈ ఏడు వానలెట్లుంటాయి, పంటలెట్లుంటాయి అని సెప్తా ఉంటే మావోళ్ళకేం పడతాది? మాకు పంటలు యాడుండాయి? "అదిగాదు సామీ, సీజనెట్లుంటాది? మద్రాసోళ్ళొస్తారా?" అని ఒగరు. "మా బడుంటాదా, పోతాదా?" అని నేను. ఆయప్ప కండ్లద్దాలు తీసి, "ఏమ్మే, పంచాంగంలో బడి సంగతి యాడుంటాది, అది నన్నడగబాకు" అనేవాడు. అందురూ నగేది.

ఒగేడు మాత్రం నగలేదు. ఆ ఉగాదికి ముందే పై ఆఫీసు నుంచి బడి ఇన్స్పెక్టరొచ్చి, వానాకాలంలో పిలకాయలు లేకుంటే ఈ బడిని కింది పల్లెకు మార్సేస్తామని కరీం అయివారితో సెప్పి పాయె. అయివారు ఆ మాట మాకు సెప్పేటప్పుడు తల వంచుకొని సెప్పె.

నాకు గుండెల్లో రాయి పడినట్లాయె. యాలంటే... మీ రమణ మామ సంగతి నీకు తెల్దు గదా. వాడు నా పెద్దకొడుకు. వాడి వయసుకు కొండ మీద బడే లేదు. సదువు పోతాదని పుంగనూరులో మీ తాత అక్క, రెడ్డెమ్మొదిన ఇంట్లో పెడితిమి. ఆమెకు పిలకాయలు లేరు. కండ్లల్లో పెట్టుకొని సూసుకొనె, ఆ మాట అనల్ల. కానీ సెలవులకు వాడు కొండకొస్తే, మా ఇంట్లో గడప తావ కూర్సునేవాడు, రూము కోసరం కాసుకోనుండే మద్రాసోడి మాదిరి. ఆమెను అమ్మా అంటాడు, నన్ను కొండమ్మా అంటాడు. అందురూ ముద్దుగా ఉండాదని నగేది. నేనూ నగేదాన్ని. ఇంగ సరోజను గూడ కిందికి పంపిస్తే నాకేం మిగులుతాది సెప్పు?

అందుకే ఆ ఉగాది నాడు అందురి ముందర లేసి నిలబడితి. "పనికి పోండప్పా, వద్దన్లేదు. పిలకాయల్ని మాత్రం నా తావ ఇడిసిపెట్టి పోండి. రాగులు తెచ్చి పడేయండి, సంగటి నేను గెలుకుతా" అంటి.

మీ తాత నన్ను పక్కకు పిలిసి, "నీకేమన్నా పిచ్చా? మనింట్లో మనం ముగ్గురం కాళ్ళు సాపుకొని పండుకొనే దానికే తావు లేదు" అనె.

"మడుసుకొని పండుకుంటాం" అంటి.

సీజను ముగిసె. వానలు పట్టుకొనె. తల్లులు ఒగరెనక ఒగరు పిలకాయల్ని తెచ్చి ఇడిసిపెట్టి, కండ్లు తుడుసుకుంటా బస్సెక్కిరి. మొదట్లో నాలుగు దినాలు పండగ మాదిరి ఉండె. పొద్దున సంగటి, ఊరిబిండి పచ్చడి. సాయంత్రం సంగటి, అనపగింజల పులుసు. మర్నాడు మళ్ళా సంగటే. ఒగ పిల్లోడు, "అమ్మా, రేపు గూడ సంగటేనా?" అని అడిగె. "కాదు నాయినా, రేపు రాగులతో సేసిన ఇంగోటి" అంటి. వాడు పాపం రాత్రంతా కాసుకోనుండాడంట!

ఆ తర్వాత మా ఇంటి కప్పు కారబట్టె. ఈ మూల కారితే ఆ మూలకు, ఆ మూల కారితే ఈ మూలకు. పిలకాయలకు దగ్గు. ఒగదానికి జొరం. నాకు భయమేసె, ఒగరి బిడ్డలు గదమ్మా, ఏమన్నా అయితే ఏం జవాబు సెప్పల్ల? మీ తాత ఆ దగ్గు ఇనుకుంటా పండుకోనుండె. తెల్లారి లేసి గెస్ట్ హౌసు తాళంసెవుల గుత్తి ఎత్తుకొని పాయె. వెనకాలే పోయి సూస్తే, దొరలు దిగే పెద్ద రూము తెరిసి, పొయ్యిలో కట్టెలు పెట్టి అంటిస్తాండాడు.

"ఏందయ్యా ఇది? ఎవురన్నా వస్తే?" అంటి.

"ఈ మంచులో ఎవురొస్తారే? గమ్మున పిలకాయల్ని పిలుసుకొని రా" అనె.

అట్లా మా కొండ పిలకాయలు దొరల రూములో సంసారం పెట్టిరి. సోఫా మింద ఎగిరేది, నిలువుటద్దం ముందర నిలబడి నాలిక సాపేది. కరీం అయివారు వాన జోరైన దినం షెడ్డులో శబ్దానికి ఏం ఇనపడదని ఆ రూములోనే ఎక్కాలు సెప్పిచ్చేది. బస్సు రాని దినం గూడ ఆయప్ప వచ్చేవాడమ్మా. సగం దోవ లారీలో, మిగతాది నడిసి, తడిసిన కోడి మాదిరి వచ్చి నిలబడేవాడు. తల తుడుసుకొనే దానికి ముందే, "పలకలు తీయండి" అనేవాడు.

దసరా సెలవులకు రమణ పుంగనూరు నుంచి వచ్చె. ఆ పొద్దు పిలకాయలంతా వరసగా కూర్సోనుండారు, నేను సంగటి ముద్దలు పెడతాండా. అమ్మా నాకు, అమ్మా నాకని ఒగటే అరుపులు. వీడు వాకిట్లో నిలబడి సూస్తాండాడు. సూసి సూసి, సంచి కింద పారేసి, లోపలికొచ్చి నా పక్కన నిలబడి, "రేయ్! ఆమె మీయమ్మ కాదురా, మాయమ్మ!" అని అరిసె.

నా సేతిలో ముద్ద సేతిలోనే ఉండె. తర్వాత ఆ 'రేపు గూడ సంగటేనా' అని అడిగిన పిల్లోడే, "సరేలేన్నా, మీయమ్మే. మాకు సంగటి పెట్టమను" అనె. ఇంగ సూడు, నాకు నగువు, ఏడుపు రెండూ ఒగేసారి. వాడికి మొదుటి ముద్ద పెడితి. ఊదుకోకుండా తిని నోరు కాల్సుకొనె.

సెలవులైనాక పుంగనూరుకే పాయెలే. వాడిది అప్పుటికే హైస్కూలు, కొండ మీద యాడుండాది? రెడ్డెమ్మొదినను గూడ అమ్మా అనే పిలిసె, ఆమె సచ్చేదాకా. ఆమెకు ఆ మాట తక్కువ కావల్లని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఆ దినం నుంచి నేను కొండమ్మను కాదు.

ఆఁ, యాడికొస్తి? దొరల రూము... ఆడికి జీపొచ్చిన సంగతి సెప్పల్ల గదా.

దసరా దాటినాక తుపాను పట్టె. ఒగ మధ్యాన్నం, ఎవురూ రారనుకున్న వానలో, గెస్ట్ హౌసు ముందర జీపాగె. పెద్ద ఆఫీసరు, ఆయన పెండ్లాము, ముసిలి తల్లి. ముందుగా కబురే లేదు. మీ తాత గొడుగెత్తుకొని ఉరికె. నేను లోపలికి ఉరికితి. ఏం సర్దేది సెప్పు? పొయ్యి ముందర తాడు కట్టి నిక్కర్లు, గౌన్లు ఆరేసుండాది. సోఫా మింద జొరం పిల్ల నిద్రపోతాండాది. మిగిలినోళ్ళు గొంతెత్తి పదమూడో ఎక్కం.

ఆఫీసరు గుమ్మంలో నిలబడి, "ఇది గెస్ట్ హౌసా, సంతా?" అనె. పిలకాయలు లేసి, అయివారు నేర్పించినట్ల, "నమస్కారం సార్!" అని అందురూ ఒగేసారి అరిసిరి. ఆయన రెండడుగులు ఎనక్కేసె.

"ఎవురిచ్చినారయ్యా పర్మిషను?" అంటే మీ తాత, "ఎవురూ ఇయ్యలేదు సార్. నేనే తీస్తి. కప్పు కారతాంటే పిలకాయలకు జొరాలొచ్చె" అనె. అట్లానే అనె, దాసలేదు. కరీం అయివారు అడ్డమొచ్చి, తప్పు నాది గూడ ఉండాది సార్ అనె. ఆయనేమో ఇంగా గట్టిగా అరస్తాండాడు, వీళ్ళందర్నీ బయటికి పంపీమని.

అంతలో ఆ ముసిలామె ఏం జేసెననుకుంటివి? సలికి వణుకుతా పోయి పొయ్యి ముందర పిలకాయల మధ్యలో కూర్సునె. నా పక్కకు తిరిగి, "ఏమ్మా, తినే దానికి ఏముండాది?" అని అడిగె. "సంగటే ఉండాదమ్మా" అంటి బిత్తరపోయి. "పెట్టు మరి" అనె. కొడుకేమో, "అమ్మా, లోపల వేరే రూముండాది, లెయ్యి" అంటాడు. "నేను లెయ్యను. కట్టెలు ఈడ మండతాండాయి. వాన నిలిసేదాకా వీళ్ళనూ లేపబాకు" అనె. ఆ పూట దొరలూ పిలకాయలూ ఒగే పొయ్యి తావ. ఆఫీసరు గూడ కడాకు సంగటే తినె. రెండోసారి అడిగె గూడా, నేను సూసినా.

కథ ఆడికే ముగిస్తే బాగుంటాది గదా? ముగీలేదు. కొండ దిగిపోతా ఆ ఆఫీసరు మీ తాతతో, "మునెప్పా, నీ మనసు మంచిదే. కానీ అడక్కుండా తీయడం తప్పే" అనె. కొన్ని దినాలకు ఆర్డరొచ్చె. మీ తాతను కుప్పం అవతల, రామకుప్పం పక్క అడివి బంగళాకు మార్సిరి. రూము ఖాళీ సెయ్యమనిరి.

బస్సు తావ అడిగితి, "నా మీద కోపమా?" అని.

"నీ మీద యాల? రూము తీసింది నేను. తాళంసెవులు ఆడ గూడ ఉంటాయిలే. నువ్వు మాత్రం దిగి రాబాకు, పిలకాయలుండారు" అనె. పెట్టె పైకేసి ఎక్కి కూర్సునె. నేను ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తి, ఏం జేసేది, సంగటికి పొద్దాయె గదా!

పిలకాయల్ని షెడ్డులోకే మారిస్తిమి. కింద పనికి పోయిన టీ అంగడాయప్ప టార్పాలు పంపిచ్చె, దాన్ని కప్పు మింద పరిస్తిమి. రోడ్డు కూలోళ్ళు వచ్చిపొయ్యే దినాల్లో రాళ్ళు పేర్సి గాలికి అడ్డం కట్టిరి. వానలు పోకముందే ఇన్స్పెక్టరొచ్చె. కావల్లనే ఆ కాలంలో వచ్చినాడంట, ఎవురూ ఉండరని. బస్సు సగం దోవలో నిలిసిపోతే, నడిసొస్తా ఉంటే మంచులో ఆయనకు దోవ దొరకలేదంట. పిలకాయలు ఎక్కాలు సెప్పే శబ్దం ఇనుకుంటా, ఆ పక్కకు నడిసి బడికి చేరె. తడిసిన బూట్లిప్పి కూర్సోని, షెడ్డంతా కలయజూసి, "బడి ఈడే ఉంటాదిలే అయివారూ" అనె. అంతే. కరీం అయివారు బయటికొచ్చి వానలో నిలబడి మొగం తుడుసుకుంటాండె. వాననీళ్ళో, ఏం నీళ్ళో, నేను అడగలేదు.

తర్వాత ఎనభైల్లో రాతి గదులు కట్టిరి. మీ తాత అంతకు ముందే వచ్చేసె, రామకుప్పంలో మూడేండ్లుండి. వచ్చినాక ఇంగేముండాది, ఒగటే ఏనుగుల కతలు. రాగిసేన్లో ఏనుగులు దిగితే రేకుడబ్బా కొట్టినానని, ఒగసారి ఒగ ఏనుగంటాడు, ఇంగోసారి ఏనుగుల మంద అంటాడు. మీయమ్మ ఆ కొండ బడిలో అయిదు ముగించినాకనే మదనపల్లికి పాయె, అదీ పొద్దున పోయి సాయంత్రం వచ్చేది. నా పక్కనే పెరిగె.

నువ్వడిగింది ఇదే గదమ్మా, వానాకాలంలో పిలకాయలు రారని. వాళ్ళు రారని నువ్వు మానుకోబాకు. వాన పడిన దినం అందురికన్నా ముందు నువ్వు బడికి పో. ఒగరుంటే ఒగరికే సెప్పు, గట్టిగా సెప్పు. వాళ్ళ తల్లులు ఏ పనికి పోతాండారో కనుక్కో, వాళ్ళ మీద అరవబాకు. ఒగ పూట కూడు వండే మనిసి ఆ ఊర్లో ఎవురో ఒగరుంటారు, ఎతుక్కో. సల్లగా ఉండు బిడ్డా. నీ గొంతు బాగుండల్ల, నీ బడి నిండల్ల, నిన్ను సూసి పిలకాయలు ఎదురురికి రావల్ల... గొడుగెత్తుకొని పో, ఆడ గూడ వానలు జాస్తి. కాదు, జాస్తి కాదేమో, అది పుంగనూరు పక్క గదా... ఎందుకైనా మంచిది, ఎత్తుకొనే పో.