రెండు వందల పన్నెండు కుండీలు

అధ్యక్ష స్థానంలో ఉన్న నర్సరీ యజమానిగారికి (ఆ కుర్చీ కాలు కాస్త ఊగుతుందండీ, వెనక్కి వాలకండి), వేదిక మీది పెద్దలకు, ఇన్నాళ్ళూ ఎక్కువగా తెర మీదే కలుసుకున్న మన ముళ్ళ మొక్కల గ్రూపు మిత్రులకు, మూడో వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు నమస్కారాలు.

మోడరేటరుగా దిగిపోతున్నానని ఇంతసేపూ నన్ను పొగిడారు. తొమ్మిదేళ్ళలో ఒక్క బట్టతల నూనె ప్రకటన గానీ, ఇంట్లో కూర్చుని లక్షలు గడించే ఉపాయం గానీ గ్రూపులోకి రానివ్వలేదన్నారు. 'కత్తెరక్క' అని ముద్దుపేరు కూడా పెట్టారు. (నవ్వులు) పెట్టిందెవరో నాకు తెలుసు, అందరికంటే గట్టిగా నవ్వుతున్నదీ ఆవిడే. నేను చొక్కాల ఫ్యాక్టరీలో తనిఖీ మనిషిని. బల్ల మీదికొచ్చిన చొక్కాను ఇటూ అటూ తిప్పి, కుట్టు వంకరగా ఉంటే పక్క బుట్టలో పడేయడం ఇరవై ఆరేళ్ళుగా నా పని. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఉద్యోగంతో వచ్చినదీ అంతేనని నా అనుభవం.

మన పద్ధతి మీకు తెలుసు. కొత్త సభ్యులు పెట్టింది నేను ఒప్పుకుంటే గానీ మీకు కనబడదు. అందులో 'ఉచితం' లాంటి మాట ఉంటే అది విడిగా ఒక జాబితాలో పడుతుంది. నేను టీ విరామంలో ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఆ జాబితా మొత్తాన్ని ఒక్క నొక్కుతో తుడిచేసేదాన్ని. చదివేదాన్ని కాదు. చదివే తీసేస్తున్నానని మీరనుకున్నారు, నేను అనుకోనిచ్చాను. ఈ మాట మా ఆయనకు కూడా ఇప్పుడే తెలుస్తోంది.

మన ముళ్ళ మాస్టారు గుర్తున్నారా? ఆయనిచ్చిన పిలక ఎవరెవరి ఇళ్ళలో బతుకుతోందో ఒకసారి చేతులెత్తండి. అబ్బో! దించకండి, కాసేపు అలాగే ఉంచండి, కారణముంది. (విరామం) చాలు, దించండి. ఐస్‌క్రీం పుల్ల మీద గుండ్రటి అక్షరాలతో మొక్క పేరు రాసి, కుండీలో గుచ్చి మరీ ఇచ్చేవారు. నాకిచ్చిన రోజున, "అమ్మాయ్, ప్రేమ ఎక్కువై రోజూ నీళ్ళు పోశావంటే కుళ్ళిపోతుంది. కాస్త పట్టించుకోకుండా ఉండు" అన్నారు. (నవ్వులు) అలాంటి మనిషి నిరుడు గ్రూపులో కనబడడం మానేస్తే, "పెద్దాయన అలిగినట్టున్నారు" అని రాసి ఊరుకున్నాను. ఒక్క ఫోనైనా చేయలేదు.

పోయిన నెల, ఇకమీదట మీ మోడరేటరు కాబోయే మందులషాపు చెల్లెల్ని మా వంటింట్లో కూర్చోబెట్టి, గ్రూపు దాచి ఉంచే పాత చిట్టా తెరిచి, నేను తీసేసినవన్నీ గొప్పగా చూపిస్తున్నాను.

"అక్కా, ఇదేంటి, ఒకే నంబరు నుంచి ఏడుసార్లు?"

"ఎవడో మొండిఘటం. పేరు కూడా పెట్టుకోలేదు. ఆరుసార్లు తీసేస్తే ఏడోసారి కాగితం మీద రాసి ఫొటో పెట్టాడు. మాటలు పట్టుబడతాయని ప్రకటనలవాళ్ళు అలా ఫొటోలు పెడుతుంటార్లే. గెంటేశాను."

"నువ్వు చదివావా?"

చెల్లి ఫొటో పెద్దది చేసింది. గుండ్రటి అక్షరాలు. తలెత్తితే, కిటికీలో నా కుండీలోని పుల్ల మీద అవే అక్షరాలు.

మర్నాడే ఆ నంబరు పట్టుకుని మాస్టారిని వెతుక్కుంటూ వెళ్ళాను. మూడో అంతస్తులో కూతురి ఇల్లు, బాల్కనీ లేదు. పాత ఫోను నీళ్ళబకెట్లో పడి అందరి నంబర్లూ పోతే కొత్త నంబరుతో గ్రూపులో చేరారట. అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ నలభై ఏళ్ళుగా పెంచిన మొక్కల్ని వాకిట్లో వరసగా పెట్టుకుని, మనకోసం ఆదివారం సాయంత్రం దాకా చూశారట. సోమవారం పొద్దున చెత్తబండి వాళ్ళు ఎత్తుకెళ్ళారు. మూడు ట్రిప్పులు పట్టిందని ఆయన కూతురు చెప్పింది.

గుమ్మంలోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మాస్టారు కళ్ళజోడు తీశారు.

"అయితే మనవాళ్ళెవరూ చూడనే లేదా?"

"లేదు మాస్టారూ. నేనే చూడనివ్వలేదు."

కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "హమ్మయ్య" అన్నారండీ. "ఒక్కరికీ అక్కర్లేదనుకున్నానమ్మా. ఏడాదిగా అదే అనుకుంటున్నా."

నాలుగు తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. ఆ హమ్మయ్య విన్నాక సిగ్గుతో చచ్చిపోయాను, ఇప్పటికీ సరిగ్గా నిద్ర పట్టడం లేదు. క్షమించండి, నీళ్ళు తాగుతాను.

ఆయన వచ్చారు. చివరి వరుసలో, తలుపు పక్కన, కూతురితో. వెనక్కి తిరగకండి, ఆయనకు మొహమాటం. (అందరూ తిరిగారు) చెబితే వింటారా మీరు! మాస్టారూ, ఇందాక లేచిన చేతులన్నీ చూశారు కదా? మిమ్మల్ని పిలిచింది అందుకే.

ఈ జ్ఞాపిక మీద 'ఒక్క చెత్త సందేశాన్నీ రానివ్వని' అని చెక్కించారు. దీన్ని నేను తీసుకోలేను, కోప్పడకండి, మీ అభిమానానికి మాత్రం చేతులెత్తి మొక్కుతున్నాను. చెల్లీ, నీకొక్కటే చెబుతా, టీ తాగుతూ ఆ జాబితా తెరవకు. ఓపిగ్గా విన్న పెద్దలకూ, హాలు ఇచ్చినవారికీ, ఇన్నేళ్ళూ నా నోటిని భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు.

మోడరేటరుగా నాకింకా ఒక నిమిషం అధికారం ఉంది. మాస్టారి కాగితాన్ని ఇప్పుడు గ్రూపులోకి అనుమతిస్తున్నాను. అదిగో, మీ ఫోన్లు మోగాయి. నిరుడు చదవాల్సినదాన్ని ఇప్పుడు చదువుతాను.

"మిత్రులకు నమస్కారం. ఇల్లు మారుతున్నాను. కుండీలు రెండు వందల పన్నెండు. ఆదివారం లోపు వచ్చి మీకు నచ్చినవి తీసుకెళ్ళండి. అన్నీ ఉచితం. రాలేనివాళ్ళు ఒక్క మాట చెప్పండి, నేనే తెచ్చి ఇస్తాను."

ఇక నాకు సెలవు.