స్టెపినీకి కొట్టిన టెంకాయ

సభకు అధ్యక్షత వహిస్తున్న మన తల్లిదండ్రుల సంఘం పెద్ద రామేశ్వరమ్మ గారికి, నంద్యాల నుంచి ఎండన పడి వచ్చి ఇప్పటికి ఏడు ఉపన్యాసాలు నిద్రపోకుండా విన్న సామ్యేలు పాస్టరు గారికి, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా ప్రధానోపాధ్యాయిని లూదియమ్మ గారికి, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలకు, మిక్చరు పొట్లాలు ఎప్పుడు పంచుతారా అని తలుపు దగ్గరే నిలబడిపోయిన పెద్దమనుషులకు, డ్రిల్లు మాస్టరు మద్దిలేటి నమస్కారాలు.

నాకు ఐదు నిమిషాలిచ్చారు. ఐదు దాటితే రామేశ్వరమ్మ గారు టేబుల్ మీది గంట కొడతారట. కొట్టనివ్వండమ్మా. పద్నాలుగేళ్ళుగా ఈ బడిలో గంట కొట్టించేది నేనే. దానికి నేను భయపడితే ఇంకేమన్నా ఉందా? (నవ్వులు)

లూదియమ్మ గారి క్రమశిక్షణ, సమయపాలన, అంకితభావం గురించి నాకు ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. ఆ మూడూ నేను చూసిన ప్రతి రిటైర్మెంటు సభలోనూ దొరికాయి, మొన్న రిటైరైన క్లర్కుకు కూడా. కాబట్టి వాటి జోలికి పోను. నేను ఆమె కారు గురించి మాట్లాడతాను.

ఇందులో నా స్వార్థం ఒకటుంది, దాచుకోను. రిటైరైనవాళ్ళను పూలదండలు కట్టిన కారులో, ముందు తప్పెట్లు మోగించుకుంటూ సాగనంపడం మన ఆనవాయితీ. అందుకు రామేశ్వరమ్మ గారు తెల్లటి అంబాసిడరు తెప్పించారు. గేటు దగ్గర పెళ్ళికొడుకు మాదిరి నిలబడి ఉంది. దాని పక్కనే వేపచెట్టు కింద, మూడేళ్ళుగా కదలని ఇంకో కారుంది. అది మా లూదియమ్మ గారిది. అమ్మగారు కొలిమిగుండ్లలో అక్కగారి దగ్గర ఉండబోతున్నారు, అక్కడ దాన్ని నిలపడానికి చోటు లేదు. రేపు పొద్దున గడివేముల నుంచి పాత ఇనుము వ్యాపారి లారీ తెచ్చుకొని వస్తాడు. అమ్మగారు సరేనని మాటిచ్చేశారు.

నా కోరికల్లా ఒక్కటే. ఆ కారు ఇనుమైపోయే ముందు, అమ్మగారు ఈ బడి గేటు దాటేది అందులోనే దాటాలి. అందుకని మన మాబు సాహెబ్ పొద్దుటి నుంచి దాని కింద పడుకొని ఉన్నాడు. అదే, గేటు ఎదురుగా ట్రంకుపెట్టెలు బాగుచేసే మాబన్న. పనైపోతే అటెండరు చెన్నయ్య ఆ తలుపు దగ్గర తువ్వాలు పైకెత్తుతాడు. తువ్వాలు లేచేదాకా నేను మైకు వదలను. అమ్మగారు నన్ను ఎట్లా చూస్తున్నారో మీరూ చూస్తున్నారు. ఆ చూపుకు తొమ్మిదో తరగతి మొత్తం కూర్చునేది. నేను మాత్రం ఈ రోజు కూర్చోను.

ఆ కారు పేరు సారంగ. మీలో చాలామంది విని ఉండరు, తప్పు మీది కాదు. ఆ కంపెనీ నాలుగేళ్ళలో మూతపడింది. ఆ రోజుల్లో అంబాసిడరు కావాలంటే పేరు రాయించుకొని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. సారంగకు ఆ బాధ లేదు. మీరు కాచుకోనక్కర్లేదు, అదే షోరూములో మీకోసం కాచుకొని ఉండేది. (నవ్వులు) రంగు నిమ్మపండు రంగని కంపెనీవాళ్ళు రాశారు. కామెర్ల రంగని మన ఊరివాళ్ళు అన్నారు. నాలుగు తలుపులు. అందులో రెండు లోపలి నుంచి తెరుచుకోవు, ఒకటి బయటి నుంచి తెరుచుకోదు, నాలుగోది అదే తెరుచుకునేది, దారి మధ్యన, సిరివెళ్ళ మలుపులో.

డెబ్బై నాలుగులో అమ్మగారు దాన్ని కొని, నంద్యాల నుంచి తనే తోలుకుంటూ బడికి తెచ్చారు. ఆడమనిషి కారు తోలడం చూడటానికి ఆళ్ళగడ్డ సగం మన గేటు దగ్గరుంది. కొత్త బండి కదా, పూజ లేకుండా ఎట్లా? చెన్నయ్య టెంకాయ తెచ్చాడు. అమ్మగారు క్రైస్తవులు కదా, పాస్టరు గారిని పిలిపించాం. అప్పుడాయనకు జుట్టు నల్లగా ఉండేది. మాబన్న దర్గా నుంచి చక్కెర, ఊదుబత్తులు తెచ్చాడు. బానెట్ మీద పసుపు రాశాం, కుంకుమబొట్లు పెట్టాం, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. చెన్నయ్య టెంకాయ కొట్టాడు. పాస్టరు గారు బానెట్ మీద రెండు చేతులూ ఉంచి పావుగంట ప్రార్థన చేశారు. మాబన్న అదే బానెట్ ముందర నిలబడి ఫాతెహా చదివాడు. మూడు మతాల దేవుళ్ళనూ ఒకే చోటికి పిలిచాం. ఇంతకన్నా దీవెన ఏ కారుకు దక్కుతుంది?

చెన్నయ్యా, ఏమైంది?

("ఇంగ అర్ధగంట పడుతుందంట సార్!" సభలో మూలుగులు)

మంచిది. నేనూ ఇప్పుడే మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం అమ్మగారు నన్నూ, చెన్నయ్యనూ ఎక్కించుకొని నంద్యాలకు బయలుదేరారు. ఎనిమిది కిలోమీటర్లు పోయామో లేదో పొగ మొదలైంది. చెన్నయ్య కిందికి దూకాడు, కాలవలో ఎవరిదో బిందె ముంచాడు, బానెట్ ఎత్తి చూడకుండానే గుమ్మరించాడు. నేను రెండో బిందె పోశాను. పొగ తగ్గలేదు. మూడో బిందె పోస్తుంటే ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరు బండి ఆపాడు.

"ఏందప్పా, పొగ ఎనకాల వస్తాంటే నీళ్ళు ముందర పోస్తాండారు?" అన్నాడు.

అప్పుడు వంగి చూశాం. బానెట్ కింద ఒక స్టెపినీ, ఒక జాకీ ఉన్నాయి. ఇంకేం లేవు. సారంగకు ఇంజను వెనకాల ఉంటుంది! మేము పసుపు రాసింది స్టెపినీకి. టెంకాయ కొట్టింది స్టెపినీకి. పాస్టరు గారు పావుగంట ప్రార్థించింది స్టెపినీ క్షేమం కోసం. పైగా మూడు బిందెలతో దానికి అభిషేకం కూడా జరిపించాం. (చాలాసేపు నవ్వులు) పాస్టరు గారూ, మీరు కూడా నవ్వుతున్నారా? పద్నాలుగేళ్ళుగా ఈ సంగతి మీకు చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదండి.

ఫలితం మీరే ఊహించండి. ఆ స్టెపినీ నిమ్మళంగా, నిగనిగలాడుతూ ఉండిపోయింది. దీవెన అందని ఇంజను మాత్రం మా మీద పగబట్టింది. తోస్తే తప్ప మేలుకునేది కాదు. మామూలు కారును తోస్తే చేతికి తగిలేది చల్లటి డిక్కీ. సారంగను తోస్తే తగిలేది ఇంజను. మే నెలలో మన ఎండకు అది పెనం. నా అరచేతులు చూసి మా ఆవిడ, డ్రిల్లు చెప్పి వస్తాండావా, దోసెలు పోసి వస్తాండావా అని అడిగేది. ఇక పాడైన సామాను దొరికేది కాదు, కంపెనీ ఉంటే కదా. అందుకే మాబన్న ట్రంకుపెట్టె సామానుతోనే నడిపించాడు. తలుపులకు ట్రంకుపెట్టె గొళ్ళేలు, వెనక ట్రంకుపెట్టె పిడి. ఒకసారి బస్టాండులో కూలీ ఒకడు ఆ పిడి పట్టుకొని, ఎక్కడికి మోయాలమ్మా అని అడిగాడు.

(గంట మోగింది)

విన్నానమ్మా. మంచి గంట.

ఇప్పుడు ఎనభై ఒకటి అక్టోబరు సంగతి చెప్పాలి. పదో తరగతి తప్పినవాళ్ళకు మళ్ళీ పరీక్ష. సెంటరు నంద్యాలలో. ఆ రోజే బస్సుల సమ్మె. మార్చిలో పరీక్షకైతే ఊరంతా ట్రాక్టర్లు కట్టేది. తప్పినవాళ్ళ పరీక్ష కదా, ఎవరికీ పట్టలేదు. మీదాకా ఎందుకు, నాకే పట్టలేదు. పొద్దున ఆరుకు బడికి వస్తే తొమ్మిదిమంది ఆడపిల్లలు సారంగలో కూర్చొని ఉన్నారు. ఎట్లా పట్టారో నేటికీ నాకు తెలీదు. పదో మనిషిగా నన్ను కూరారు. స్టీరింగు ముందు అమ్మగారు.

సిరివెళ్ళ దాటాక టైరు పగిలింది. ఏడేళ్ళలో మొదటిసారి స్టెపినీని బయటికి తీశాను. దాని మీద ఆ రోజు బిందెల నీళ్ళతో కారిన పసుపు మరక ఇంకా ఉంది. అది బిగించాక తొమ్మిదిమందీ దిగి తోశారు. కారు లేచింది. లేచింది గాని ఆగితే మళ్ళీ నిద్రపోతుంది. అమ్మగారు ఏం చేశారు? పక్కనే భీమన్న అనే రైతు కళ్ళంలో కొర్రలు పరిచి, ఎద్దుల కోసం చూస్తూ నిలబడి ఉన్నాడు. కారును నేరుగా ఆ కళ్ళంలోకి దింపి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టారు. పిల్లలు పక్కన పరుగెత్తుతూ ఒక్కొక్కరే లోపలికి దూకాలి. నేను భీమన్న కాళ్ళు పట్టుకోవడానికి తయారుగా ఉన్నాను. ఆయన మాత్రం తలపాగా ఊపుతూ అరిచాడు.

"ఆపొద్దు తల్లీ! ఇంగ నాలుగు చుట్లు తిప్పు! ఎద్దులకన్నా బాగా నూరుస్తాండావ్!"

నాలుగు చుట్లు అదనంగా తిప్పి మరీ వచ్చాం. పరీక్షకు ఐదు నిమిషాల ముందు చేరాం. జవాబు పత్రాల మీద గ్రీజు వేలిముద్రలు పడ్డాయి. ఎనిమిదిమంది పాసయ్యారు. తొమ్మిదో అమ్మాయి అప్పుడు కూడా తప్పింది. అమ్మగారు మళ్ళీ తీసుకుపోయారు, మళ్ళీ తోశాం, ఆ అమ్మాయీ పాసయింది. ఈ రోజు కొత్తపల్లెలో పంతులమ్మ. అదిగో రెండో వరసలో తల దించుకొని నవ్వుతోంది, మా తిరుపాలమ్మ. ఆదివారాలు మన మైదానంలో ఆ అమ్మాయికి కారు తోలడం కూడా అమ్మగారే నేర్పారు. ఆ కాలంలో గోల్‌పోస్టు ఒకటి విరిగింది. ఎట్లా విరిగిందో రిపోర్టులో నేను గాలివాన అని రాశాను.

పోయిన వారం అమ్మగారు బీరువా సర్దుతుంటే సాయం పోయాను. పద్నాలుగేళ్ళుగా కడుపులో ఉన్న ప్రశ్న అడిగేశాను. "అమ్మా, మీరు సైన్సు చెప్పేవారు కదా, ఇంజను వెనకాల ఉందని ఆ రోజు మీకు తెలీదా?"

"తెలీకుండా ఎట్లుంటాది మద్దిలేటీ?" అన్నారు.

"మరి చెప్పలేదేందమ్మా?"

ఆమె పుస్తకాలు కట్టడం ఆపలేదు. "అందరూ అంత ప్రేమగా దండం పెడతాంటే, అది కాదు, ఎనక్కి రాండి అని యాడ చెప్తా? అయినా ఇంజనుదేముందప్పా. అది ఆగితే తోసేకి మీరంతా ఉండారు. స్టెపినీకి ఎవరుండారు?"

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఈ బడికి నేను ఎవరో సెలవు పెడితే ఆ ఖాళీలో వచ్చినవాణ్ని. డ్రిల్లు మాస్టరంటే మాస్టరే కాదని స్టాఫ్‌రూములో నాకు కుర్చీ వేయని రోజులవి. తన కారులో ముందు సీటు నాకిచ్చింది ఈమె. తోయడానికే ఇచ్చిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అమ్మా, మీరు పోతున్నారంటే నాకు బాగాలేదు. ఇంకే మాటా చక్కగా రావడంలేదు, ఇదే చెప్తున్నాను.

(మద్దిలేటి తలుపు వైపు తిరిగాడు)

అదిగో చెన్నయ్య! తువ్వాలు లేపాడు! లేపాడు గాని... రెండు అరచేతులు కూడా చూపిస్తున్నాడేంటి? గట్టిగా చెప్పు!

("బాగైంది సార్! తోస్తేనే లేస్తాదంట!" నవ్వులు, చప్పట్లు)

మరి అది సారంగ కాక ఇంకేమిటి? రామేశ్వరమ్మ గారూ, ఆ అంబాసిడరులో మీరు కూర్చోండి, దండలు వాడిపోకుండా. సామ్యేలు పాస్టరు గారూ, ఈసారి ప్రార్థన దయచేసి వెనకవైపు. మాబన్నకు, చెన్నయ్యకు, ఆ రోజు కళ్ళంలో మమ్మల్ని తిట్టని భీమన్నకు, గంట కొట్టి కూడా నన్ను భరించిన అధ్యక్షురాలికి, మీకందరికీ...

(లూదియమ్మ గారు లేచి మైకు దగ్గరకు వచ్చారు. చేతిలో కారు తాళం.)

("మాటలు చాలప్పా మద్దిలేటీ. తిరుపాలమ్మా, ఇట్ల రా. ఈ తాళం పట్టు. ఇంగ ఆ కారు నీది. ఆ పాత ఇనుము ఆయప్పకు నేను చెప్పుకుంటా. నువ్వు స్టీరింగు కాడ కూర్చో. ఇన్నేండ్లు మీరంతా తోసినారు. ఈ పొద్దు నేను తోస్తా.")

విన్నారు కదా. నాకిక చెప్పడానికేమీ లేదు, కళ్ళు కూడా సరిగా కనబడటం లేదు. అందరూ బయటికి రండి. చేతికి తువ్వాళ్ళు చుట్టుకోండి, కాలుతుంది. తిరుపాలమ్మా, లేచిందంటే ఆపొద్దు తల్లీ. కళ్ళంలో తిప్పినట్టు మైదానంలో తిప్పుతూనే ఉండు, అమ్మ పరుగెత్తి ఎక్కేదాకా. గోల్‌పోస్టు చూసుకో. మిక్చరు పొట్లాలు తోసినవాళ్ళకే ఇస్తాం. మీకందరికీ నా కృతజ్ఞతలు, సెలవు.